ఎనిమిది మీటల డబ్బా

“మళ్లీ ఆ డబ్బా తెచ్చావా?” అన్నాడు శ్రీకంఠం, నోటిదాకా వచ్చిన చాయ్ గ్లాసును దించేస్తూ.

బాన్సువాడ చెరుకు రైతుల సంఘానికి కంప్యూటర్ ప్రోగ్రాం రాసిచ్చి, దాన్ని నడిపించి చూపడానికి హైదరాబాదు నుంచి వచ్చాడతను. వచ్చి మూడు రోజులైంది. ఆ మూడు రోజులూ రేడియో మెకానిక్ ఫూల్‌సింగ్ జలగలా పట్టుకున్నాడు.

“ఇది పాతది సార్. ఇంకోపారి సూపెడ్దామని తెచ్చిన.” ఫూల్‌సింగ్ చెక్క డబ్బాను బల్ల మీద పెట్టాడు. దాని మీద రూపాయి బిళ్లలంత మీటలు ఎనిమిది. “చెప్పిన గద, చెరుకు గానుగల పడి మా చెల్లె చేతివేళ్లన్నీ పోయినయ్. పది పాసైంది సార్, మస్తు తెలివి. గీ మీటలు రెండేసి, మూడేసి కలిపి ఒత్తితె అక్షరాలన్నీ వస్తయ్. మీ ప్రోగ్రాం ఒప్పుకుంటె ఆమెకు ఈడనే కొలువైతది.”

సంఘం కార్యదర్శి ఆశన్న ఫైలులోంచి తలెత్తాడు. “నాకేం అడ్డం లేదు. ప్రోగ్రాం రాసిన సారు కాగితం మీద రాసియ్యాలె. గంతే.”

“ఒక్క మనిషి కోసం ప్రోగ్రాం అంతా తిరగరాయాలా? దానికి కీబోర్డు తప్ప ఇంకోటి తెలియదయ్యా.”

“కీబోర్డు ఎవరు కొట్టిన్రో ఎర్కైతదా సార్?”

“ఎలా తెలుస్తుంది? తీగ వెంట అక్షరం వస్తే చాలు, తీసుకుంటుంది.”

ఫూల్‌సింగ్ మీసాల్లో నవ్వుకున్నాడు.

లోపలి గదిలోంచి గల్లుగల్లుమని గజ్జెల మోత. శ్రీకంఠం కణతలు నొక్కుకున్నాడు. చెప్పులు బయట విడిచి వెళ్లాల్సిన ఏసీ గది అది. మొదటి రోజే ఆ చలికి తుమ్ములు పట్టుకున్నాయి, మళ్లీ అటువైపు తొంగి చూడలేదు. ప్రింటరు బయటే ఉంది కనుక పనికి లోటు లేదు. పరదా సందులోంచి ఆపరేటరు వీపూ, అద్దాలు కుట్టిన ముసుగూ కనిపిస్తాయి, అంతే. ఆ పిల్లకు కాలు నిలకడగా ఉండదు కాబోలు!

“ఎక్కడుంటుంది మీ చెల్లెలు?” మాట మార్చాడు.

“మాది బీర్కూర్ దిక్కు తండా సార్.”

శ్రీకంఠానికి జాలేసింది. కానీ జాలితో ప్రోగ్రాములు నడవవు కదా!

ఇంతలో ప్రింటరు కర్రుకర్రుమంటూ కాగితం కక్కింది. మూడు వందల మంది రైతులకు చెరుకు నరికే పర్మిట్లు. ఊరు, పేరు, తేదీ చూసుకుంటూ పోయాడు. ఒక్క తప్పు లేదు.

“ఆశన్నగారూ, హైదరాబాదులో కూడా ఇంత శుభ్రంగా కొట్టేవాళ్లు లేరు. ఈ అమ్మాయిని వదులుకోకండి.”

“టెంపరరీ సార్. రేపటితోటి అయిపాయె. పర్మనెంటు చెయ్యాలంటె గూడ మీరే రాసియ్యాలె.”

“దానికేం భాగ్యం? కాగితం ఇటివ్వండి!”

“‘ఏ తీరుగ కొట్టినా సరే’ అని రాయున్రి సార్,” అన్నాడు ఫూల్‌సింగ్.

“ఏ తీరుగా కొడితే నాకేమిటి? తప్పు రాకుంటే చాలు.” నవ్వుతూ ఆ ముక్క కూడా రాశాడు. “పేరు?”

“చాంద్రి,” అన్నాడు ఆశన్న.

శ్రీకంఠం సంతకం పెట్టాడు. ఆశన్న దాని కిందే దబ్బున ముద్ర గుద్దాడు. ఫూల్‌సింగ్ కళ్లలో నీళ్లు తిరిగాయి. తన పని కాకపోయినా ఎవరికో కొలువు దొరికిందని సంతోషిస్తున్నాడే, ఎంత మంచివాడు అనుకున్నాడు శ్రీకంఠం.

“ఒక్కటే షరతు. కాళ్లు ఆడించకుండా కుదురుగా కూర్చుని కొట్టమనండి. ఆ గజ్జెలకు తల పగిలిపోతోంది.”

ఫూల్‌సింగ్ కాగితం మడిచి అంగీ జేబులో భద్రంగా పెట్టుకున్నాడు.

“కాళ్లాపితె అక్షరం పడదు సార్.”