వ్యతిరేక కార్డు

కమిటీ గది బయట తను కార్డులు తీసుకుంటున్న బల్ల దగ్గర, ముసలాయన కార్డు మీద "వ్యతిరేకం" అన్న గడిలో టిక్కు పెట్టడం జెర్లీన్ కళ్ళారా చూసింది.



గోడ గడియారంలో పది ముప్పావు. పదకొండుకి కమిటీ. శాసనసభ సమావేశాలకి ఇదే ఆఖరి రోజు.

"బిల్లు నంబరు సరిగ్గా చూసుకున్నారా సార్?"

"చూసుకున్నానమ్మా. నల్ల మెరైన్ల దినం. అదే."

"దానికి వ్యతిరేకమా? మీరా?"

"నేనే."

ఆయనదీ ఆమెలాగే నల్ల రంగే. తొంభై దాటి ఉంటాయి. చేతికర్ర, సిటీ బస్సు డ్రైవర్ల పాత టోపీ, చెవిలో మిషను.

"అందులో ఒక్క మాట తప్పుంది తల్లీ. లోపలికెళ్ళి అది చెప్పాలి."

ఒక్క మాట! ఆ ఒక్క మాటే కొంప ముంచుతుంది.

పేచీ లేని బిల్లులన్నిటినీ జాబితాగా చదివేసి, ఒకే సుత్తిదెబ్బతో దాటించడం ఆ కమిటీ పద్ధతి. ఎవరు ఒక్క వ్యతిరేక కార్డు వేసినా ఆ బిల్లు జాబితాలోంచి ఊడిపోతుంది, మళ్ళీ వచ్చే ఏడే. పోయినేడు అలాగే ఊడింది. దినాలు ఎక్కువైపోయాయంటూ పనిలేనివాడెవడో కార్డు వేశాడు.

పోయినేడు తాత ఉన్నాడు. ఈ ఏడు లేడు.

తెల్లవాళ్ళతో కలవనివ్వకుండా, విడిగా పెట్టిన శిబిరంలో తయారైన అమెరికా నౌకాసైన్యపు మొదటి నల్ల మెరైన్లలో అమోస్ తాత ఒకడు. రెండో ప్రపంచ యుద్ధంలో ఓ ద్వీపం ఒడ్డున తూటా తగిలి పడిపోతే, స్నేహితుడొకడు వీపున వేసుకుని పడవ దాకా మోశాడు. ఇంకొకడి కోసం మళ్ళీ వెనక్కి పరిగెత్తాడు. అంతే. వాడు పోయాడని తర్వాత ఎవరో చెప్పారు.

"నా పేరు వద్దే పిల్లా. బిల్లులో నన్ను మోసిన లూషస్ పేరు పెట్టించు," అన్నాడు తాత, ఆసుపత్రి మంచం మీద.

ఆ బిల్లు పెట్టిన శాసనసభ్యురాలి ఆఫీసులో పని చేసే జెర్లీన్, లూషస్ గురించిన వాక్యాన్ని తన చేత్తోనే టైపు చేసింది.

తలుపు దగ్గరి గార్డు క్లోవిస్ ఆమె చెవి దగ్గర గొణిగాడు. "చూశావా? మనకి అడ్డం పడ్డానికి మనోళ్ళు చాలు. బయటోళ్ళెందుకు!"

"నోరు ముయ్యి క్లోవిస్."

ఆమె ముసలాయన వైపు తిరిగి నవ్వింది. ఆ నవ్వు తనకే నచ్చలేదు.

"కార్డు నాకివ్వండి సార్. ఆ బెంచీ మీద కూర్చోండి. లోపల్నుంచి మీ పేరు పిలుస్తారు."

"పిలుస్తారుగా? మూడు బస్సులు మారి వచ్చాను. పన్నెండుకి తిరుగు బస్సు. అది తప్పితే మళ్ళీ రేపే."

"తప్పకుండా పిలుస్తారు."

ఆయన కార్డుని మడతపెట్టి ఇచ్చాడు. వెళ్ళి నిటారుగా కూర్చున్నాడు.

ఆ కార్డు కమిటీ క్లర్కు పెట్టెలో పడలేదు. ఆమె కోటు జేబులో పడింది.

లోపల చలి. అయినా ఆమె మెడ వెనక చెమట పట్టింది. వెనక వరసల్లో టోపీలు పెట్టుకున్న చర్చి ఆడవాళ్ళు ఒకరి చేతులొకరు పట్టుకుని కూర్చున్నారు. ఛైర్మన్ ఒక్కో బిల్లూ చదువుతున్నాడు. ఆయన ప్రతి మాటకీ జేబులో కార్డు బరువెక్కుతున్నట్టుంది.

తలుపు తోసుకుని ముసలాయన వచ్చేస్తే?

"వ్యతిరేక కార్డులేమైనా ఉన్నాయా?"

క్లర్కు పెట్టె తెరిచాడు. లోపల తడిమాడు. తలెత్తి జెర్లీన్ వైపు చూశాడు.

"అన్నీ ఇందులోనే వేశావుగా?"

తలూపింది.

"లేవు సార్," అన్నాడు క్లర్కు ఛైర్మన్‌తో.

సుత్తి పడింది.

వెనక వరసలు చప్పట్లతో హోరెత్తాయి. ఎవరో ఆమెని వాటేసుకున్నారు. ఎవరో ఆమె చెంప తుడిచారు. విడిపించుకుని బయటికి వచ్చేసరికి పన్నెండుకి రెండు నిమిషాలుంది.

బెంచీ ఖాళీ.

"అయిపోయిందని చెప్పాను," అన్నాడు క్లోవిస్. "'నన్ను పిలవలేదే' అన్నాడు. అంతే, గొడవేం చెయ్యలేదు. వింత మనిషి జెర్లీన్!"

"ఏం చేశాడు?"

క్లోవిస్ గోడ వారగా నిలబెట్టిన పెద్ద ఫొటో చూపించాడు. శిబిరంలో కుర్రాళ్ళందరూ వరసగా నిలబడి దిగిన ఫొటో. తాత పెట్టెలోంచి తీసి ఆమె పెద్దది చేయించినది.

"కూర్చోమన్నావని కూర్చున్నాడు. కానీ కళ్ళు మాత్రం దీని మీదే. వెళ్ళేప్పుడు దగ్గరికొచ్చి మీ తాత మొహం మీద వేలు పెట్టాడు. 'బతికే ఉన్నాడా వీడు?' అని నన్నడిగాడు. చలికాలంలో పోయాడన్నాను. ఆ వేలు అక్కడే ఉంచాడు. తర్వాత నవ్వాడు. 'గాడిద బరువుండేవాడు వెధవ' అని, కళ్ళు తుడుచుకుంటూ వెళ్ళాడు."

జెర్లీన్ పరిగెత్తింది.

రాతి మెట్లు రెండేసి దిగింది. కింద రోడ్డు మీద బస్సు అప్పటికే మలుపు తిరుగుతోంది. వెనక అద్దంలో ఒక టోపీ కనబడింది, లేక కనబడిందనుకుంది.

జేబులోంచి కార్డు తీసి మడత విప్పింది.

టిక్కు కింద, కారణం రాసే చోట, పెన్సిలుతో వంకర అక్షరాలున్నాయి: "నేను ద్వీపంలో చనిపోయానని రాశారు, ఆ ఒక్క మాట కొట్టేస్తే మిగతాదంతా నాకు ఇష్టమే — లూషస్ టార్వర్."