అవ్వకిష్టమైన పాట

నస్పూర్‌లో, తాను ‘అవ్వా’ అని పిలిచే తల్లి దినాలైన మర్నాడు, వనిత గిన్నెలు తోముతూ ఒక పాట అందుకుంది. బొగ్గుబావిలో పనిచేసి రిటైరైన తండ్రి ఓదెలు మంచం మీద లేచి కూర్చున్నాడు.

“ఏం పాట బిడ్డా అది?”

“నాట్లేసేటప్పటి పాట. అవ్వకు పానమంత ఇష్టం.”

“మీ అవ్వ పాడంగ నేనెన్నడు ఇనలే.”

“నువ్వు రాత్రి డ్యూటీ చేసొచ్చి పగలు పంటుంటివి. నీ నిద్ర చెడగొట్టద్దని, నువ్వు బాయికి పోయినంకనే పాడేది.”

“మరి రిటైరైనంక?”

వనిత చేయి ఆగింది.

“ఇగ నువ్వు రోజంత ఇంట్లనే ఉంటివి గద బాపూ. పాడుడే మానుకుంది.”

ఓదెలు లేచి, గడప దాటి, తలుపు దగ్గరికి వేసి అరుగు మీద కూర్చున్నాడు.

“ఇప్పుడు పాడు బిడ్డా,” అన్నాడు బయటి నుంచే. “నేను డ్యూటీకి పోయిన అనుకో.”