ఐదో అభియోగం

"ఆ రిజిస్టరు మళ్ళీ పెట్టెలో పెట్టేయండి బాబాయ్‌గారూ. మీరు చూడలేదు, నేను వినలేదు."

రికార్డు గది గుమాస్తా తలుపు దగ్గరగా వేసి మరీ ఆ మాట అంది.

భూతద్దం తాత తలెత్తలేదు. ఆసుపత్రి రిజిస్టరులో అదే వరుసను మూడోసారి చదువుతున్నాడు.

దేశదేశాల జడ్జీలు కూర్చుని యుద్ధనేరాలు విచారించే కోర్టు అది. ఊళ్ళకు ఊళ్ళు తుడిచిపెట్టిన ఒక సేనాని మీద కేసు నడుస్తోంది. మొత్తం తొమ్మిది అభియోగాలు; ఐదోది, వంతెన దగ్గరి కాల్పులు. ప్రాసిక్యూషన్ వారి రికార్డు గదిలో పెట్టెలే నాలుగు వేలు. వాటిలోని పాత చేతిరాతలు చదివిపెట్టడానికి ఎనిమిది నెలల ఒప్పందం మీద వచ్చాడు ఈ పెద్దమనిషి. ఆయనకు ఎవరున్నారో ఎవరూ అడగలేదు, ఆయనా చెప్పలేదు.

"ఏముందేం అందులో?" అంటూ జిరాక్సు ఆవిడ లోపలికి వచ్చింది. ఆమె చెవులకు తలుపులు అడ్డం రావు.

"వంతెన దగ్గర ఇరవై ఆరుగురిని కాల్చిన రోజున, సేనాని మూడు వందల మైళ్ళ అవతల ఆపరేషన్ బల్ల మీద ఉన్నాడట," అంది గుమాస్తా. "పైగా ఆ పది రోజులకూ అధికారం తన కింది రెండో సేనానికి రాసిచ్చి మరీ చేరాడట."

"డాక్టరు రాతే కదా! ఏ దేశంలోనైనా కోడిగీతలే. అది మనిషి పేరో, మందు పేరో ఎవరు చెప్పొచ్చారు?"

"నేను చెబుతాను. అందుకేగా నన్ను పెట్టుకున్నారు," అన్నాడు తాత.

గుమాస్తా గోడవారనున్న పెట్టెల వైపు చూసింది.

నాలుగేళ్ళుగా ఆమె పని, చనిపోయినవాళ్ళ వస్తువులకు జాబితాలు రాయడం. ఎడమకాలి చెప్పు, ఒకటి. పళ్ళు విరిగిన దువ్వెన, ఒకటి. తాళంచెవి, ఏ ఇంటిదో తెలియదు. ప్రతి వస్తువూ "ఇప్పుడే వస్తా"నని చెప్పి గడప దాటినదే. కేసు వీగిపోతే ఆ పెట్టెలకు తను ఏం సమాధానం చెప్పాలి?

"ఒక్క పోగు దొరికితే చాలు, వాడి లాయరు మొత్తం గుడ్డంతా లాగేస్తాడు. సేనాని చేతులు దులుపుకుని ఇంటికి పోతాడు!"

"పోడమ్మా. మిగతా ఎనిమిదీ గట్టివి. చదివినవాణ్ణి, నేను చెబుతున్నా."

"అయినా మనమెందుకు ఇవ్వాలి?"

"పెట్టెలన్నీ మన గదిలో పెట్టుకుని, అతన్ని వెతుక్కోమంటే ఎలా? ముద్దాయికి పనికొచ్చే కాగితం మనకు దొరికితే అతని లాయరుకు అందజేయాలి. కోర్టు నియమం అది."

"ఏం తాతా, సేనాని నీకు వేలువిడిచిన మేనమామా?" అంది జిరాక్సు ఆవిడ.

"అయ్యుంటే ఆసుపత్రికి పళ్ళు పట్టుకెళ్ళి చూసొచ్చేవాణ్ణి కదా! ఇన్నాళ్ళు ఈ పేజీ కోసం కళ్ళు పోగొట్టుకోవడం ఎందుకు?"

గుమాస్తాకు ఒళ్ళు మండింది.

"మీకు నవ్వులాటగానే ఉంటుంది. మీవాళ్ళు పోయుంటే తెలిసేది!"

తాత భూతద్దం కింద పెట్టాడు. గొంతు మాత్రం పెంచలేదు.

"వంతెన దగ్గర కాల్చమన్నవాడు వేరే ఉన్నాడమ్మా. అది ఇతని నెత్తిన రాసేస్తే, వాణ్ణి ఇంకెవరూ వెతకరు."

రిజిస్టరు చంకన పెట్టుకుని నేరుగా పెద్ద ప్రాసిక్యూటరు గదికి వెళ్ళాడు. ఆవిడ రెండుసార్లు చదివించుకుంది, ఒక్క నిట్టూర్పు విడిచింది, సంతకం పెట్టింది. సాయంత్రానికల్లా నకలు ముద్దాయి లాయరుకు చేరింది.

నకలు తీసింది జిరాక్సు ఆవిడే. పళ్ళు కొరుక్కుంటూ తీసింది.

నెల తిరక్కుండానే కోర్టు ఐదో అభియోగాన్ని కొట్టేసింది.

ఆ రోజు నుంచి తాతతో ఎవరూ మాట కలపలేదు. భోజనాల గదిలో ఆయన బల్ల దగ్గర కుర్చీలన్నీ ఖాళీయే. ఆయన మాత్రం పొద్దున్నే అందరికంటే ముందు వచ్చి, భూతద్దం తుడుచుకుని, కొత్త పెట్టె విప్పేవాడు.

ఒప్పందం ముగిసిన రోజు చేతిసంచితో గుమ్మంలో నిలబడ్డాడు.

"వెళ్ళొస్తానమ్మా."

"ఊఁ," అంది గుమాస్తా, జాబితాలోంచి కళ్ళెత్తకుండా.

"ఆ మూలనున్న పదకొండు పెట్టెలూ రెండో సేనానివి. నాకు వ్యవధి చాలలేదు. ఎవరిచేతనైనా చదివించు తల్లీ."

మెట్ల మీద ఆయన అడుగుల చప్పుడు ఆగేదాకా ఆమె కలం కదల్లేదు.

ఐదు నెలలకు తీర్పు వచ్చింది. ఎనిమిది అభియోగాలూ రుజువై సేనానికి యావజ్జీవం పడింది. 'మాకు పనికొచ్చే కాగితం దాచారు' అనడానికి అతని లాయరుకు నోరు లేకపోయింది.

గుమాస్తా పట్టుబట్టి చదివించిన ఆ పదకొండు పెట్టెల్లో ఏడోదానిలో, వంతెన దగ్గర కాల్చమన్న ఉత్తర్వు దొరికింది. కింద రెండో సేనాని సంతకం. అతన్నీ పట్టుకొచ్చారు. కొత్త కేసు తెరిచారు.

"వదినా, తాతకు కబురు చేద్దామా?" అంది జిరాక్సు ఆవిడ మెల్లగా.

"రాశాను. ఆ చిరునామాలో ఆయన లేడని ఉత్తరం తిరిగొచ్చింది."

అంతవరకూ బంధువుల భద్రత కోసం వంతెన దగ్గర చనిపోయినవాళ్ళను అంకెలతోనే పిలిచారు. ఆ రోజే పేర్ల జాబితా సీలు విప్పి టైపు చేయమని గుమాస్తా చేతికి ఇచ్చారు.

ఆమె ఒక్కొక్క పేరే పైకి చదువుకుంటూ టైపు చేస్తోంది. రైతు. మంత్రసాని. పడవవాడు.

పద్దెనిమిదో వరుస దగ్గర ఆమె వేళ్ళు ఆగిపోయాయి: బడిపంతులమ్మ, వయసు ఇరవై ఏడు, తండ్రి పేరు అన్న గడిలో ఉన్నది భూతద్దం తాత పేరు.