దగ్గు మింగని మైకు

గొంతు ఆపరేషన్ అయ్యేలోపు తన బతుకమ్మ పాటలు తన గొంతుతోనే రికార్డు చేసి కూతురికివ్వాలని, భూదేవి హన్మకొండలో మైకుల షాపుకెళ్లింది. ఈ రోజుల్లో మైకులన్నీ పాట వినడమే కాదు, దిద్దుతాయి కూడా. ఆమె అనుమానమంతా ఆ దిద్దుడు మీదే. అందుకే ప్రతి మైకు ముందూ ఒక చరణం పాడి, కావాలని దగ్గింది. ఏ మైకులో రికార్డయింది విన్నా దగ్గు లేదు. పాట మాత్రం ఇరవయ్యేళ్ల పిల్ల పాడినట్టుంది.

"నా దగ్గును మింగినయి, రేపు నా గొంతును మింగయా?" అంది.

షాపు ఓనరు ఇంతియాజ్ అడుగు అరలోంచి ఒక నల్ల మైకు తీశాడు. "గిది మీ అసోంటోళ్ల కోసమే వచ్చిందమ్మా. ఉన్నది ఉన్నట్టే ఇస్తది."

అందులో దగ్గు దగ్గులాగే వినబడింది. భూదేవి బేరమాడకుండా తెచ్చుకుంది.

ఇంట్లో తలుపులేసుకుని, వేడినీళ్లు తాగి, ఒక్క దగ్గూ రాకుండా పాటంతా పాడింది. తర్వాత కూతురిని పిలిచి వినిపించింది.

మొదటి చరణం అయింది. సరిగ్గా అక్కడ, షాపులో దగ్గిన దగ్గే వినబడింది.

"అచ్చం నువ్వేనమ్మా," అంది కూతురు, కళ్లు తుడుచుకుంటూ.