సూది అరుగుతది

"ఎత్తకు! ఆఖరిదాక పోనియ్యి. పాడిందెవరో ఆఖర్లనే గదా చెప్తరు," అన్నడు గుండయ్య.

గ్రామఫోను సూది మీదికి పోయిన ఆండాలు చెయ్యి గాల్లనే ఆగింది.

"సూది అరుగుతది మామా. జర్మనీ లడాయి మొదలైనకాంచి పత్తర్‌గట్టి బజారు మొత్తం తిరిగినా ఒక్క సూదుల డబ్బ దొర్కుతలేదు," అన్నది.

"సూది లేకుంటే తుమ్మముల్లు పెట్టు. మా ఇంట్ల గదే పెడ్తం. మస్తు పాడ్తది."

"జర గట్ల చెప్పు పెద్దబాపూ!" ఆండాలు పెనిమిటి పురుషోత్తం నవ్విండు. "ఈ ప్లేటు కొని మూడు నెల్లాయె, ఒక్కనాడన్న ఆఖరిదాక విననియ్యలే. సూదుల డబ్బకు తాళమేసి, తాళంచెవి కొంగుకు ముడేసుకుంటది. బంగారమన్న గింత భద్రంగ దాయది."

ఆమెను పక్కకు జరిపి, గ్రామఫోను చావి తిప్పి, పాటను మళ్ళ మొదటికాంచి పెట్టిండు.

ఆ దినం శుక్రవారం, పురుషోత్తం దుకాణం బందు. జుమ్మేరాత్ బజార్ల పాత సామాన్ల కుప్పల దొరికిన ప్లేటది. మీది కాగితం ఎప్పుడో ఊడిపోయింది. పాడిందెవరో ఆ ఇంట్ల ఆండాలుకొక్కదానికే ఎరుక. పాడింది తనే! పదమూడేండ్లప్పుడు పాడింది. ఆ రోజుల్ల పాట అయిపోంగనే పాడినోళ్ళు పేరు చెప్పుకునేది. తను సుత మురిసిపోయి, మెడ నిక్కిచ్చి చెప్పింది, "నా పేరు ఆండాలు, పురానాపూల్!" అని. ఆ ముక్క ఈ ఇంట్ల వినవడ్డదంటే బతుకు బజార్ల పడ్డట్టే.

ప్లేటు పగలగొడదామని రెండుసార్లు చేతిలకు తీసుకున్నది. చేతులు రాలేదు. పెండ్లయినకాంచి కూనిరాగం సుత తీసి ఎరగదు. తన గొంతు మిగిలింది ఆ నల్ల రేకు మీదనే.

"ఆహా! పాటంటే గిది," గుండయ్య కండ్లు మూసుకొని మోకాలి మీద తాళం వేస్తున్నడు. "పదేండ్ల కింద ఏ గల్లీల పోయినా గిసొంటి పాటలే. చాయ్ దుకాణంల కూసుంటే లేవబుద్ధి అయ్యేది కాదు. ఇప్పుడేమున్నది? పాట తక్కువ, లొల్లి ఎక్కువ."

"నిజమే పెద్దబాపూ."

"పాట బంగారమే. గని పాడినది ఏ కొంపదో! మొన్న మన ఎల్లయ్య కోడలు పెండ్లికి ముందు ప్లేటుకు పాడిందని ఎరుకైంది. కులపెద్దను గదా, నేనే దగ్గరుండి తల్లిగారింటికి తోలిచ్చిన. మానం ముఖ్యమా, పాట ముఖ్యమా? ఏమంటవ్ బుచ్చమ్మా?"

గోడకానుకొని వత్తులు చేసుకుంటున్న అత్త బుచ్చమ్మ తల ఎత్తలేదు. "పెద్దోనివి. నీ మాటకు ఎదురున్నదా బావా," అన్నది.

ఆండాలు చాయ్ కప్పు గుండయ్య ముందటికి జరిపింది.

"మామా, చాయ్ చల్లారుతున్నది..."

"తాగుత తీ. పాట కానియ్యి."

ఇంక రెండు చరణాలు. ఇంక ఒక్కటి. పదమూడేండ్ల గొంతు పైకి పోయి, మెల్లగ దిగి, ఆగింది. ఆండాలు దర్వాజ పట్టుకొని కండ్లు మూసుకున్నది. చేతిల బట్టల మూట, ముందట పురానాపూల్ వంతెన. తను ఒంటిగ నడుస్తున్నట్టే అనిపించింది.

కర్‌ర్‌ర్... సూది అడ్డం జారి నడుమకొచ్చి పడ్డది. ప్లేటు తిరుగుతనే ఉన్నది, మాట లేదు.

"అరెరే! పేరు చెప్పే జాగాలనే గీత పడ్డది," గుండయ్య నొచ్చుకున్నడు. "ఎవరో ఎరుకైతుండె."

"పోనీ తీ పెద్దబాపూ, పాటైతే ఉన్నది గదా. నడువు, పాన్ తినొద్దాం."

ఇద్దరు బయటికి పోయిండ్రు. ఆండాలు వంటింట్లకు ఉరికి, పొయ్యి కాడ కూలబడి, కొంగు నోట్ల కుక్కుకొని ఏడ్చింది. ఎనక అడుగుల సప్పుడైంది. బుచ్చమ్మ.

"ఏమైంది?"

"పొగ, అత్తా..."

"పొయ్యే అంటలేదు, పొగేడిదే?"

ఆండాలు కొంగు తోటి మొఖం తుడుసుకున్నది.

"పోయిన నెల నువ్వు తల్లిగారింటికి పోయినవు సూడు, అప్పుడు తుమ్మముల్లు పెట్టి ఆఖరిదాక విన్న," అన్నది బుచ్చమ్మ. "గా గీత పిన్నీసు తోటి నేనే గీకిన."

బుచ్చమ్మ వాకిలి దిక్కు ఒకపారి చూసి, తలుపు దగ్గరికేసి, పీట జరుపుకొని కోడలి ముందట కూసున్నది.

"వాళ్ళొచ్చేదాక గా పాట పాడు బిడ్డా. ఇప్పుడైతే సూది అరగదు గదా!"