రేకుల కప్పు

“గుమ్మానికి అడ్డం తప్పుకోండి నర్సమ్మా,” అన్నాడు షావుకారు.

నర్సమ్మ తప్పుకోలేదు. చంకలో హాజరు పుస్తకం, చేతిలో సుద్దముక్క పట్టుకుని చర్చి వెనక హాలు గుమ్మంలో నిలబడే ఉంది. ఆసుపత్రి ఉద్యోగం నుంచి రిటైరై వచ్చిన మనిషి. వాడలో బడి మొహం చూడని పిల్లల కోసం సంఘం వాళ్ళు నడిపే పొద్దుటి బడికి ఆవిడే టీచరు, ఆవిడే వంటమనిషి, అవసరమైతే ఇలా కాపలా కూడా ఆవిడే.

షావుకారుది రోడ్డవతల పాత సామాన్ల కొట్టు. మూడు రోజులుగా అక్కడ అట్టపెట్టెలు, సీసాలు, తీగలు తెచ్చినవి తెచ్చినట్టే గుట్ట పడి ఉన్నాయి. వాటిని వేరుచేసే పిల్లలు పదకొండు మందీ ఒక్కసారే మాయమయ్యారు. వాళ్ళు ఇక్కడున్నారని ఈ పొద్దున లారీ డ్రైవరు నోరు జారాడు. అంతే, తాగుతున్న టీ అక్కడే వదిలేసి షావుకారు ఉన్నపళాన వచ్చేశాడు.

ఆ ఆవరణలో ఆయన మాటకు ఇంతవరకూ ఎదురు లేదు. ఆదివారం ముందు బెంచీ ఆయనది. పాస్టరుగారైతే ఆయన నడక చూస్తూనే ఏదో పని గుర్తొచ్చినవాడిలా ఆఫీసు గదిలోకి వెళ్ళి తలుపేసుకున్నాడు.

“నా పిల్లల్ని నాకు పంపించెయ్యండి. గొడవుండదు.”

“ఏ బిడ్డ ఎవరిదో ఈ పుస్తకంలో రాసుంది షావుకారుగారూ. ఒక్కరి పక్కనా మీ పేరు లేదు.”

షావుకారు గొంతు పెరిగింది. తను ఏడేళ్ళకే గోనెసంచి భుజానేసుకున్నానన్నాడు. అక్షరం ముక్క రాకపోయినా పదిమందికి అన్నం పెడుతున్నానన్నాడు. వీళ్ళ అమ్మానాన్నలే కాళ్ళావేళ్ళా పడి పనిలో పెట్టి వెళ్ళారన్నాడు. నర్సమ్మ అన్నీ విన్నది. ఆ అమ్మానాన్నలే ఈ వారం ఒక్కొక్కరూ వచ్చి ఇందులో వేలిముద్ర వేసి వెళ్ళారని చెప్పి, పుస్తకం తెరవకుండానే మళ్ళీ చంకలో పెట్టుకుంది.

అప్పుడు ఆయనకు అసలు సంగతి తట్టింది. ఒకరో ఇద్దరో అయితే వాళ్ళంతట వాళ్ళు పారిపోయారనుకోవచ్చు. పదకొండు మందినీ కూడగట్టి, ఇంటింటికీ తిరిగి పెద్దవాళ్ళని ఒప్పించి, ఈ గుమ్మం దాకా నడిపించిన చెయ్యి ఒకటి ఉండాలి.

“ఎవరది?” అని అడిగాడు.

“చెప్పను.”

“పాస్టరుగారా?”

నర్సమ్మ ఆఫీసు గది తలుపు వైపు చూసింది. “ఆయనకంత గుండే ఉంటే, దేవుణ్ణి నేనింకేమీ అడగను.”

షావుకారు ఆవిడ భుజం మీదుగా లోపలికి తొంగిచూశాడు. చాపల మీద అంతా తెలిసిన మొహాలే. రాగి తీగల మీద తొడుగు ఒలిచే పిల్ల మొదటి వరసలోనే ఉంది. వేళ్ళకు శుభ్రమైన గుడ్డ కట్టు, ఒళ్ళో పలక.

“ఏయ్, లే. పద,” అన్నాడు.

“రానండీ,” అంది ఆ పిల్ల. గట్టిగా కూడా అనలేదు. అని, పలక మీదికి వంగి రాసుకోవడం మొదలుపెట్టింది. వెనకున్న పదిమందీ కూడా తలలు వంచుకుని రాసుకుంటున్నారు. సుద్ద గీరుకుంటున్న చప్పుడు తప్ప ఇంకో మాట లేదు. తూకం దగ్గర తగాదాకొచ్చిన మొనగాళ్ళను ఎందరినో నోరు మూయించిన షావుకారుకు, ఈ చప్పుడును ఏం చేసి ఆపాలో తోచలేదు.

వేలు పైకెత్తి చూపించాడు. “ఈ రేకులెవరివి?”

“మీరు వేయించినవే.”

“నా కప్పు కింద కూర్చుని నా పొట్టే కొడతారా? గంటలో విప్పించుకుపోతాను.”

“విప్పించుకోండి,” అంది నర్సమ్మ. “బోల్టులు తుప్పుపట్టాయి, నూనె కూడా తెచ్చుకోండి. ఎండొస్తే ఎండుతాం, వానొస్తే తడుస్తాం. బడి మాత్రం ఆగదు.”

ఆ మాట ఇంకా పూర్తవనే లేదు, రాగి తీగల పిల్ల లేచింది. తను కూర్చున్న చాప చుట్టి నెత్తిన పెట్టుకుని, షావుకారు పక్కనుంచే నడుచుకుంటూ ఆవరణలోకి పోయి, ఎండలో పరిచి కూర్చుంది. ఆ వెంటే ఇంకొకడు. ఆ వెనక ఇద్దరు కలిసి నల్లబల్ల మోసుకుంటూ వచ్చారు. ఎవరూ ఎవరికీ ఏమీ చెప్పలేదు. ఆయన చూస్తుండగానే హాలు ఖాళీ అయింది, ఆవరణ బడైంది. పక్కగదిలో ఎవరో చెప్పిస్తుంటే చిన్నపిల్లలు రెండో ఎక్కం వల్లిస్తున్నారు, అదొక్కటే లోపల మిగిలింది.

షావుకారు మొహం కందగడ్డయింది. ఇంతదాకా వచ్చాక వెనక్కి తగ్గితే రేపు కొట్లో తన మాట ఎవడు వింటాడు? డ్రైవరును లారీతో, పానాలతో, ఇద్దరు మనుషులతో పంపించమని చెప్పడానికి లారీ తాళాలు తన దగ్గరుంచుకునే భార్యకు ఫోన్ చేశాడు.

ఆయన చెవిలో రింగవుతుండగానే పక్కగదిలో ఫోను మోగింది, ఎక్కం ఆగిపోయింది, చేతినిండా సుద్దపొడితో ఆయన భార్య తలుపు తీసుకుని బయటికొచ్చి, “ఎవరది అని అడుగుతున్నారుగా, నేనే, లారీ రాదు,” అంది.