నది లోతు చూపించిన అవ్వ

మోయ్ నదిలో ఎక్కడ లోతెక్కువో అక్కడే థాయిలాండుకూ బర్మాకూ హద్దు. ఏటా వరద తీయగానే బ్యాంకాక్ నుంచి ఒక అధికారి ఆ లోతు వెతుక్కుంటూ వస్తాడు. ఈ ఏడు వచ్చినాయనకు ఈత రాదు. అందుకని పడవ నడిపే కరెన్ తెగ ముసలమ్మ నో ఫో లా వెదురు గడ దించుతుంటే, ఆయన పడవ అంచు గట్టిగా పట్టుకుని చూశాడు.

థాయ్ ఒడ్డు పక్కనే గడ నిలువునా దిగిపోయింది.

"అంటే, నది మధ్య తిప్ప మనది కాదన్నమాట!" అధికారి ముఖం మాడిపోయింది. "ఇక ఆ ఇసుకలో కాలు పెట్టావో, జైలే అవ్వా!"

"పరాయి దేశంలోనా? చచ్చినా పెట్టను సారూ," అంది ఆమె వక్క నములుతూ.

ఆయన జీపు కనుమరుగయ్యాక, బురదలో కూరుకుపోయిన గడను రెండు చేతులా పీకి, నేరుగా తిప్పకే పడవ తోసింది. బర్మా ఒడ్డున కాపురముండే చెల్లెలు అప్పటికే అక్కడ వేరుశనగ విత్తుతోంది.

"మీవాడు పోయాడా అక్కా?"

"తిప్ప మీదేనని రాసుకుని పోయాడే. మరి మీవాడు?"

"నిన్ననే. మీదేనని రాసుకుని, ఏడుపు ముఖంతో పోయాడు."

"పోనీలే. పోయినేడు వాళ్లంతట వాళ్లే కొలుచుకుని, మాదంటే మాదన్నారు, గుర్తుందా?"

"ఎందుకు లేదూ! రెండు వైపుల సిపాయిలూ తుపాకులేసుకుని కాపలాకొచ్చారు. మన కాయలు మాత్రం అన్నదమ్ముల్లా పంచుకు తిన్నారు."